గోల్ కొట్టినవాళ్ళు అటు

తూనీగ గోల్ కొట్టింది. కొట్టి గెంతలేదు, చేతులు పైకెత్తలేదు. తాపీగా నడుచుకుంటూ వెళ్ళి ఎర్రచొక్కాల పిల్లల మధ్య నిలబడింది. తనదేమో పచ్చచొక్కా.

చిన్నపిల్లల ఫుట్‌బాల్ కప్పుకి అది ఫైనల్. పచ్చచొక్కాల అమ్మానాన్నలు చప్పట్లు కొడుతూ కొడుతూ మధ్యలో ఆపేశారు. రిఫరీ నోట్లో ఈల నోట్లోనే ఉండిపోయింది. తూనీగ మాత్రం మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, తన సొంత జట్టు గోల్ వైపే గురిగా చూస్తూ, ఇంకా మొదలుపెట్టరేం అన్నట్టు నిలబడింది.

మైదానం గీతకి అవతల నిలబడ్డ పచ్చజట్టు కోచ్ నుదురు కొట్టుకుంది. ఆమె పక్కనే ఆమె మేనమామ ఉన్నాడు. ఆయనే క్లబ్బు అధ్యక్షుడు. టైర్ల షాపు నడిపే మనిషి, గొంతు లారీ హారన్‌కి ఏమాత్రం తీసిపోదు.

"అదేం చేస్తోందే?"

"గోల్ కొట్టింది మావయ్యా."

"నాకూ కళ్ళున్నాయి. అటెందుకు పోయింది?"

కోచ్ గొంతు సన్నబడింది. "ప్రాక్టీసులో అంతే మావయ్యా. చిన్న చిన్న డబ్బాలు గీసి ఒక్కోదాంట్లో ముగ్గురు ముగ్గురిని ఆడిస్తాను కదా. గోల్ కొట్టినవాళ్ళు అవతలి జట్టులోకి వెళ్ళిపోవాలి. గెలిచేవాళ్ళకి కాస్త కష్టం, ఓడేవాళ్ళకి కాస్త ఊపిరి. ఎవరూ అలగరు."

"బాగుంది. కప్పు కూడా అటే పంపించేద్దామా?"

ఆమెకి నవ్వొచ్చింది. వచ్చిన నవ్వుని పళ్ళ మధ్య నొక్కిపెట్టింది.

"మైదానం నిండా సున్నంతో డబ్బాలు గీస్తున్నప్పుడే చెప్పాను," అన్నాడాయన. "మేనకోడల్ని కోచ్‌ని చేశానని కమిటీ రోజూ నన్ను పీక్కుతింటోంది. అటు చూడు, వాళ్ళ కోచ్‌ని, మీసాల మాస్టారిని. మైదానం చుట్టూ పరుగు, ఈలేస్తే వరస. అదీ శిక్షణంటే. ఈ కప్పు చేజారిందో, రేపట్నుంచి నీ డబ్బాలు చెరిపేయాలి. నువ్వు చెరపకపోతే నేనే దగ్గరుండి చెరిపిస్తాను."

నొక్కిపెట్టిన నవ్వు లోపలే ఆరిపోయింది. ఆ డబ్బాలంటే ఆమెకు ప్రాణం. పెద్ద మైదానంలో బంతి మొహం చూడని పిల్లలు కూడా ఆ డబ్బాల్లో మొహాలు ఎర్రబడేలా ఆడతారు, ఇంటికి పొమ్మంటే పోరు. అవే లేకపోతే ఈ ఉద్యోగం ఉంటే ఎంత, ఊడితే ఎంత అనిపించింది.

లోపల రిఫరీ తూనీగ దగ్గరకి వెళ్ళాడు. "పాపా, నీది ఏ జట్టు?"

"ఇప్పుడా, గోల్ కొట్టకముందా?"

ఎర్రచొక్కాల గోల్‌కీపర్ మధ్యలో తలదూర్చింది. "ఉండనీయండి సార్. బాగా ఆడుతోంది, మేం ఉంచేసుకుంటాం."

చూసేవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. మీసాల మాస్టారు ఒక్కడే నవ్వలేదు. వంగి, కట్టుకున్న బూటు లేసునే మళ్ళీ కట్టుకుంటున్నాడు.

"తూనీగా, ఇటు రా," కోచ్ కేకేసింది.

"నేనే కదక్కా కొట్టింది."

"చూశానమ్మా. ఇవాళ కొట్టినా ఇటే."

"ఎందుకట?"

"పెద్దవాళ్ళ రూలు," అనేసింది కోచ్. తూనీగ పెద్దవాళ్ళందరి మీదా జాలిపడ్డట్టు మొహం పెట్టి వెనక్కొచ్చింది.

ఇక ఆట ఊపందుకుంది. పచ్చచొక్కాలు ఎంత ఇరుకులో పడితే అంత హుషారుగా ఆడారు. నలుగురు చుట్టుముట్టినా బంతి ఎలాగో సందు చూసుకుని బయటపడుతోంది. చూస్తూ చూస్తూ మావయ్య ఒళ్ళు మరిచిపోయాడు. తనకే ఎవరో బంతి అందిస్తున్నట్టు కాలు ఆడించడం మొదలుపెట్టాడు. అలా ఆడించిన కాలు ఒకసారి నీళ్ళసీసాకి తగిలి, అది ఎగిరి వెళ్ళి క్లబ్బు కార్యదర్శి ఒళ్ళో పడింది. మేనకోడలు చూడగానే కాలు దగ్గరికి లాక్కుని, మళ్ళీ అధ్యక్షుడి మొహం పెట్టాడు.

ఆట చివరికొచ్చింది. ఆ ఒక్క గోల్ ఆధిక్యాన్ని ఇంకాసేపు కాచుకుంటే కప్పూ దక్కుతుంది, డబ్బాలూ దక్కుతాయి. కోచ్ గోళ్ళు కొరుక్కుంటోంది. తూనీగ వాళ్ళమ్మ చేతులతో కళ్ళు మూసుకుని, వేళ్ళ సందుల్లోంచి చూస్తోంది.

సరిగ్గా అప్పుడే ఎర్రచొక్కాల కెప్టెన్, రెండు జడల పొడుగుపిల్ల, బంతితో దూసుకొచ్చింది. ఒకరిని తప్పించింది, ఇంకొకరిని తప్పించింది, తూనీగ అడ్డుపడేలోగా బంతిని మూలకి కొట్టేసింది. గోల్.

స్కోరు సమమైపోయింది. కోచ్ గడ్డిలో కూలబడింది. తన డబ్బాల మీద నీళ్ళు పోసి కడిగేస్తున్నట్టే ఉంది ఆమెకి.

"చూశావా," అన్నాడు మావయ్య. కప్పు చేజారుతుందేమోనన్న బాధ కన్నా తన మాటే నెగ్గిందన్న సంబరం ఎక్కువగా ఉంది ఆ గొంతులో. "మాస్టారి పెంపకం అంటే అదీ. ఆయన దగ్గర నీ పిచ్చి రూల్సేవీ చెల్లవు. గోల్ కొట్టిన పిల్ల ఎటు పోతుందో కళ్ళారా చూసి నేర్చుకో."

ఇద్దరూ చూశారు. రెండు జడల పిల్ల చెమట తుడుచుకుంటూ నేరుగా వచ్చి తూనీగ పక్కన నిలబడి, "ఇప్పుడు నేనెవర్ని అడ్డుకోవాలి?" అని అడిగింది.