రేవు ప్రకటనలో ఆఖరి మాట

"ఇంకొక్కసారి పెట్టు తెన్రీ," అంది రహ్మాతియా మేడమ్, చెమట తుడుచుకుంటూ.

"పొద్దున్నించీ పెడుతూనే ఉన్నానమ్మా! చెవులు చిల్లులు పడుతున్నాయి," అని విసుక్కుంది శిష్యురాలు.

ఇండోనేషియాలోని మకస్సర్ రేవులో పడవ బయల్దేరే ముందు వినిపించే పాత ప్రకటన అది. ఇప్పుడక్కడ మిషను గొంతు వచ్చేసింది. పుస్తకాల్లో పాఠాలు ఎవరిక్కావాలని, అనువాదం క్లాసుకి ఈ రికార్డునే పాఠం చేసింది రహ్మాతియా. పిల్లలు అంతా ఇంగ్లీషులోకి తెచ్చారు, ఆఖరి వాక్యం తప్ప. అది ఏదో దీవి భాష. రేపటికి పూర్తి కాకపోతే ఈ క్లాసు ఎత్తేసి మళ్ళీ పాత పుస్తకమే చేతికిస్తానని పెద్దసారు తేల్చేశారు.

ప్రకటన మొదలైంది.

గుమ్మంలో ఎవరో ముసలాయన. మెడకి కండువా బిగించి చుట్టుకున్నాడు. పెదాలు కదుపుతున్నాడు.

"ఏం నములుతున్నాడో చూడండమ్మా," అని కిసుక్కున నవ్వింది తెన్రి. "ఎవరు కావాలి తాతా?"

ఆయన నోరు తెరిచాడు. గాలే వచ్చింది. స్పీకరు వైపు వేలు చూపించాడు.

"గోలగా ఉందా? ఇదిగో, కట్టేశా."

కాదు కాదన్నట్టు చెయ్యి ఊపాడు. గాల్లో రాస్తున్నట్టు వేళ్ళు ఆడించాడు.

"ఓ, పింఛను సంతకమా! అది పక్క బిల్డింగు తాతా."

ముసలాయన రహ్మాతియా వైపు చూశాడు. ఆమెకి ఓపిక లేదు.

"తలుపు దగ్గరగా వెయ్యవే. మన పని కానీ," అంది.

ఆయన కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు.

సాయంత్రం దాకా కుస్తీ పట్టారు. తెప్పించుకున్న అరటిపండు బజ్జీలు చల్లారిపోయాయి గానీ వాక్యం తేలలేదు.

రికార్డు ఇచ్చిన టికెట్ల గుమాస్తా సిరువా రేవు నుంచి ఫోన్ చేశాడు.

"వాక్యం దొరికిందా అమ్మా? పొద్దున ఒక పెద్దాయన్ని పంపించాను, మెడకి కండువా ఉంటుంది. గొంతుకి ఆపరేషనయింది, మాట రాదు. అర్థం రాసిస్తానని సైగ చేశాడు."

రహ్మాతియా ప్రాణం ఉసూరుమంది.

"అయ్యో, ఆయనేనా! ఆపండి, ఇప్పుడే వస్తున్నా."

"ఇంకెక్కడ ఆపేదమ్మా, ఆయనెక్కిన పడవ దాటిపోయింది. ఆయన దీవికి ఫోన్లు కూడా అందవు."

"నా రాత! రేపు ఏం చూపించను? ఆ భాష వచ్చినవాళ్ళు ఇంకెవరైనా..."

"చూస్తాలెండి. పోనీ, రికార్డైనా వినిపించారా ఆయనకి?"

"లేదు, మొదలవగానే కట్టేశాం. ఏం?"



"ఆ గొంతు ఆయనదేనమ్మా. ఒక్కసారి విని పోదామని వచ్చాడు."