సత్రంలో సభ్యత్వం

హిందూపురంలో డాక్టరు ఆ రోజు పుట్టమ్మను పరీక్షించి, బయట కూర్చోమని, ఆమె భర్త గంగాధరప్పతో ఒంటరిగా మాట్లాడాడు. తర్వాత ఇద్దరూ ఎప్పటిలాగే సత్రానికి వచ్చారు.

"ఐదు రూపాయలు కట్టి సభ్యులైతే, రూపాయి గది ఏడాదంతా అర్ధరూపాయికే ఇస్తాం," అన్నాడు గుమాస్తా.

"వద్దులేప్పా, దండగ," అన్నాడు గంగాధరప్ప.

"ఎట్ల దండగ? నెలనెలా ధర్మవరం నుంచి వస్తానే ఉండాము. పదిసార్లు దిగితే కట్టిన దుడ్లు మళ్లా వచ్చినట్లే గదా," అంది పుట్టమ్మ.

ఆయన మొహం తిప్పుకున్నాడు.

పట్టుచీరకు ఎన్ని పోగులు పడతాయో నోటితోనే చెప్పే మనిషి ఇంత చిన్న లెక్క తప్పడు. డాక్టరు ఏం చెప్పి ఉంటాడో ఆమెకు అప్పుడు అర్థమైంది.

వక్కాకు సంచి విప్పి, అందులోంచి డబ్బు తీసి, గుమాస్తా వైపు తిరిగింది.

"రెండేండ్లకు కట్టించుకుంటారాప్పా?"