విదిలించుకున్న చెయ్యి

పరదేశంలో సేవ చేస్తానని సంఘంలో చప్పట్లు కొట్టించుకున్నావే, నీ సేవ ఏ రోజున మొదలవుతుందో చెప్పగలవా?

ఒక నర్సమ్మ అలాగే వెళ్లింది. సోమవారం అంధుల ఆశ్రమంలో చేరాలి. ఆదివారం ఆరాధన ఎగ్గొట్టి ఊరు చూడ్డానికి బయల్దేరింది. పాత కోట మెట్లు దిగుతూ సెల్ఫీ తీసుకోబోతే, తెల్లకర్ర పట్టుకున్న ముసలాయన ఒకడు ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"ఛీ, వదులు! మీలాంటివాళ్లకి రేపట్నుంచి ఎలాగూ సేవ చెయ్యాలి, ఇవాళైనా నన్ను వదలండి!" అని విదిలించుకుని దిగింది. కాలు మడతపడింది.

మర్నాడు కుంటుతూనే ఆశ్రమానికి చేరింది. అక్కడొక పద్ధతి ఉంది. కొత్త మనిషి పలకరిస్తే, చూపులేనివాళ్లు ఆమె భుజం మీద చెయ్యి వేసి ఒప్పుకోవాలి. ఎవరూ వెయ్యకపోతే తిరుగుప్రయాణమే.

"నమస్కారమండీ," అంది.

"ఈ గొంతు నాకు తెలుసు. ఈవిడ మాకొద్దు," అన్నాడు నిన్నటి ముసలాయన.

ఆమె మొహం కందగడ్డయింది. "ముష్టి వెయ్యలేదని కక్షా తాతా?"

"ముష్టి ఎవడడిగాడు? కింది మెట్టు విరిగిందని చెప్పబోయాను."

"నోటితో చెప్పొచ్చుగా!"

"చెప్పనిచ్చావా?"

ఒక్క చెయ్యీ లేవలేదు. ఆమె సంచీ తీసుకుని వెనుదిరిగింది. ఆ కుంటి అడుగుల చప్పుడు విని ముసలాయన విసుగ్గా లేచాడు.

"నా భుజం మీద చెయ్యి వెయ్యి. గుమ్మం దగ్గరా మెట్టుంది."

వేషధారీ, నువ్వు విదిలించుకున్న చెయ్యి ఎవరిదో నీకు తెలుసు. సోమవారం దాకా ఆగకు. నువ్వు చదువుతున్న ఈ కార్డు కింద పెట్టు. లే, ఇవాళే వెళ్లి ఆ చెయ్యి పట్టుకో!