మూరులు వెళ్లిపోయిన సాయంత్రం

“మా ఊరు వదిలి పొండిరా, మూరుల్లారా!” చెక్క కత్తి ఎత్తి అరిచాడు గొన్సాలో.

“ఏ ఊరు బాబూ మీది?” అన్నాడు మూరుల రాజు వేషంలో ఉన్న ద్రిస్.

ఒడ్డున జనం గొల్లున నవ్వారు. గొన్సాలో ముఖం కందగడ్డలా అయింది. క్రైస్తవ సేనాపతి వేషం కోసం నిన్ననే మాడ్రిడ్ నుంచి వచ్చి హోటల్లో దిగాడు మరి.

పూర్వం మొరాకో వైపు నుంచి వచ్చి ఇక్కడ పాలించిన ముస్లింలైన మూరులను సముద్రంలోకి తరిమిన యుద్ధాన్ని బెనిసార్ అనే ఈ తీరపు ఊళ్లో ఏటా ఆగస్టులో నాటకంగా ఆడతారు. ఆడించే ఎన్కార్నా పరుగున వచ్చింది.

“ద్రిస్, నాటకంలో లేని మాటలెందుకయ్యా? ఏటా ఓడిపోయేదేగా, ఇవాళ కొత్తేమిటి? పడవెక్కు.”

“ఎక్కుతానక్కా. ఇంతగా పొమ్మంటున్నారు, ఈసారి నిజంగానే పోతాం.”

మొరాకో నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా ఇక్కడే చేపలు పడుతున్న ద్రిస్, మూరుల వేషాలు వేసిన తనవాళ్లందరినీ పడవలెక్కించుకుని సముద్రంలోకి వెళ్లిపోయాడు. గెలిచిన సైన్యం జేజేలు కొట్టుకుని విందుకు కూర్చుంది.

“కాల్చిన చేపలేవీ?” అన్నాడు గొన్సాలో.

“పట్టేవాళ్లు పడవల్లో ఉన్నారు,” అంది ఎన్కార్నా.

“వంటవాళ్లో?”

“వాళ్లూ పడవల్లోనే.”

“పోనీ, వడ్డించేవాళ్లు?”

ఎన్కార్నా బల్లల వైపు చూసింది. కూర్చున్నవాళ్లంతా వేసవి సెలవులకు వచ్చినవాళ్లే. చలికాలంలో వీధిలో తనను పలకరించే ముఖం అక్కడ ఒక్కటీ లేదు.

చెప్పులు విడిచి, మోకాలి లోతు నీళ్లలోకి దిగి గొంతెత్తి పిలిచింది.

“ద్రిస్! వెనక్కి రండయ్యా! ఊరు ఖాళీ అయిపోయింది!”