కొరుకుడు బొమ్మ

“చెయ్యి తియ్యండి. ముందు పట్టుకుంది నేను.”

“పట్టుకుంటే సరా? వారం ముందే చెప్పి ఉంచాను.”

నల్ల రబ్బరు బొమ్మకు ఒక కొసన టైలరమ్మ చెయ్యి, రెండో కొసన వాచ్‌మన్ చెయ్యి. ఆమె సాయంత్రం షాపు మూసి ఇంటికి వెళ్తూ ఆ కుక్కల సామాన్ల దుకాణంలో ఆగింది. అతను గోడౌన్‌లో రాత్రి డ్యూటీకి వెళ్తూ ఆగాడు. ఇద్దరూ ఒకరినొకరు చూడటం అదే మొదలు. చూసిన క్షణం నుంచే పడలేదు.

“ఉన్నది ఒక్కటే. మళ్ళీ సరుకు రావడానికి నెల పడుతుంది. ఒకరు వేరేది తీసుకోండి,” అన్నాడు దుకాణదారు.

“వేరేవన్నీ అయ్యాయి,” అంది టైలరమ్మ. “బంతి ఒక్క గంట. ప్లాస్టిక్ ఎముకని కొరికి మింగబోతుంటే నోట్లో వేళ్ళు పెట్టి తీశాను.”

“మీరమ్మిన తాడు బొమ్మ గతీ అంతే,” అన్నాడు వాచ్‌మన్. “మా వాడి పళ్ళ సందుల్లో ఇంకా రంగు దారాలే.”

దుకాణదారుకు రోషం వచ్చింది. “దీన్ని బొటనవేలి గోటితో నొక్కి చూడండి. కాస్త దిగి మళ్ళీ లేస్తుంది. అసలు దిగకపోతే కుక్క పన్ను విరుగుతుంది. మరీ దిగితే మర్నాటికి ముక్కలే. ఇది అలా కాదు.”

ఇద్దరూ చెరో వైపు గోరు నొక్కారు. ఎదుటివాళ్ళ చేతిని గిల్లుతున్నంత కసిగా నొక్కారు.

“నిన్న మా చంటోడు కస్టమరు కోటు చెయ్యి నమిలేశాడు,” అంది ఆమె. “ఇంకొక్క గుడ్డ పాడైతే కుక్కల బండికి పట్టిస్తానని షాపు ఓనరు తేల్చి చెప్పాడు. ఈ బొమ్మ లేకపోతే వాడు నాకు దక్కడు.”

“నాకు మాత్రం సరదానా? మా పులి మూడు బస్తాలు చింపాడు. మా మేనేజరు అన్నదీ అదే మాట.”

“బస్తాలు చింపిందా? కడుపు కాలి చింపి ఉంటుంది. తిండి పెట్టలేనివాళ్ళకు కుక్కలెందుకో!”

“నా క్యారియర్‌లో సగం వాడికే! గేటు దగ్గర మా పులి నిలబడితే లారీవాళ్ళు హారన్ కొట్టడానికి జంకుతారు. గుడ్డపీలికలు నమిలేది కూడా ఒక కుక్కేనా?”

“మా చంటోడు నోట్లో నాలుక లేనివాడు. మిషను కింద పడుకుంటే ఉన్నాడో లేడో తెలీదు. ఎంత పెట్టినా సగం వదిలేస్తాడు పాపం. మీ దానిలా రౌడీ కాదు.”

“నోట్లో నాలుక లేనిదైతే మరి కోటెవరు నమిలారమ్మా, మీరా?”

దుకాణదారు నవ్వాపుకోబోయి దగ్గాడు. ఆమె మొహం జేవురించింది.

“నిన్ను చూస్తేనే తెలుస్తోంది నీ కుక్క సంగతి. గుమ్మం గుమ్మం తిరిగి తినే రకం!”

‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అయిపోయింది. అతనూ తగ్గలేదు.

“ఆ తిరుగుడు బుద్ధి నీ దానిదే. అది మా గోడౌన్ వైపు కనబడిందో, మా పులి దాని ఎముకలు లెక్కపెడతాడు, చూసుకో!”

“చాల్లే! మా చంటోడు నీ దాని గాలి కూడా సోకనివ్వడు.”

ఇద్దరూ బొమ్మను చెరో వైపు లాగారు. అది కాస్త సాగింది. దుకాణదారు గబుక్కున లాక్కుని వెనక్కి దాచుకున్నాడు.

“కుక్కలకైనా లొంగని బొమ్మని మీరిద్దరూ చింపేలా ఉన్నారు! ఇక చాలు. రెంటినీ తీసుకురండి. పళ్ళు చూస్తాను. ఏ కుక్క దవడ గట్టిదైతే బొమ్మ ఆ కుక్కది.”

“తీసుకురావడమెందుకు? షాపు మూశాక వాడు ఈ వీధిలోనే ఉంటాడు. ఒక్క పిలుపు చాలు,” అంది టైలరమ్మ.

“నేను డ్యూటీకొచ్చే వేళకు నా పులి రోజూ ఎదురొస్తాడు. వాడు వచ్చాక నీ దాన్ని గట్టిగా పట్టుకో,” అన్నాడు వాచ్‌మన్.

ఒకరినొకరు భుజాలతో నెట్టుకుంటూ ఇద్దరూ గుమ్మంలోకి వచ్చారు. దుకాణదారు బొమ్మను చంకలో పెట్టుకుని వాళ్ళ వెనకే నిలబడ్డాడు.

“చంటీ!” అని ఆమె, “పులీ!” అని అతను ఒకేసారి గొంతు చించుకున్నారు.

వీధి మలుపులోంచి ఒకే ఒక్క కుక్క, రెండు పేర్లకూ తోక ఊపుకుంటూ, పరుగెత్తుకొచ్చింది.