సిగ్నల్ అందని అడవి

మారేడుమిల్లి అడవిలో టెంటు వేసుకుని రెండు రాత్రులుందామని వకుళ అన్నప్పటి నుంచి మొగుడు భార్గవ సాకులు వెతుకుతున్నాడు. వానలన్నాడు, ఎలుగుబంట్లన్నాడు. అక్కడ సిగ్నల్ లేదు. ఏ మాటకి ఏం బదులివ్వాలో చెవిలో చెప్పే మాటపోగు, ఊళ్లో అందరికీ ఉండేదే, అక్కడ మూగబోతుంది. అసలు భయం అదేనని వకుళ అనుమానం.

ఇంట్లో అయిష్టంగానే సామాను సర్దుతూ టెంటు మడతపెడుతున్న భార్గవ చెవి పోగు వకుళ లాగేసింది. “ఇప్పుడు చెప్పండి, ఎందుకు రానంటున్నారు?”

భార్గవ ఖాళీ చెవి తడుముకున్నాడు. చివరికి, “నీకు... చలెక్కువా? సంచిలో ఇంకో దుప్పటి పెట్టనా?” అన్నాడు.

పెళ్లయ్యాక అతను సొంతంగా అన్న మొదటి మాట అది. వకుళ దుప్పటి తీయబోయింది.

“నమ్మకండి, ఏదో దాస్తున్నాడు,” అంది ఆమె చెవిలోని పోగు.