మూడుసార్లు అడిగే మత్తు డాక్టరు

“ఈయన వద్దు. ఇంకో మత్తు డాక్టరును పిలువుండ్రి.”

రుక్మాబాయి ఆపరేషన్ థియేటర్ తలుపుకు అడ్డంగా నిలబడింది. వెనకాల స్ట్రెచర్ మీద ఆమె మనవరాలు అనిల, విరిగిన మోచేతిని గుండెకు ఆనించుకొని పడుకుంది. ముందురోజు బడి మెట్ల మీద పడింది. లింగంపేటలో మొదటి బస్సెక్కి కామారెడ్డి వచ్చారు.

మత్తు డాక్టరు దేవరాజ్ ఆమెను చూడగానే గుర్తుపట్టాడు. ఆరేళ్లలో జుట్టు నెరిసింది కానీ, బీడీలు చుట్టి చుట్టి కాయలు కాసిన ఆ వేళ్లు మారలేదు. ఒకప్పుడు అవే తన చొక్కా పట్టుకున్నాయి. నర్సు సలోమి, సారు చాలా మంచివారని ఆమెకు సర్దిచెప్పబోయింది.

“నా కొడుకు సుందర్‌ను గూడ ఎల్లారెడ్డిల గీయనే పండవెట్టిండు. మల్ల లేవలే,” అంది రుక్మాబాయి.

సలోమి గబగబా లోపలికి వెళ్లింది. ఎముకల డాక్టరు సతీశ్ బయటికొచ్చి, ఇవాళ ఇంకో మత్తు డాక్టరు దొరకడని చెప్పాడు. ఆమె వినలేదు. చివరికి ఆయన ఒకే మాట అన్నాడు.

“నేను చెయ్యి చూస్తనమ్మా. ప్రాణం చూసేది ఆయన. ఆయన లేకుంటే నేను కత్తి ముట్టను.”

ఈ సంగతి ఎవరికి పడుతుంది? కోసినవాడికి దండాలు పెడతారు. తలాపున కూర్చొని ఊపిరి ఊపిరికీ కాపలా కాసినవాడి పేరు కూడా అడగరు. ఏదైనా జరిగితే మాత్రం ఆ పేరు ఊరంతా పాకుతుంది. దేవరాజ్ పేరు ఎల్లారెడ్డిలో అలాగే పాకింది.

హెర్నియా ఉందని సుందర్‌ను గల్ఫ్‌కు పోయే వైద్యపరీక్షలో ఆపేశారు. ఆపరేషన్ అయితేనే వీసా. అప్పటికే ఒకసారి జ్వరం వచ్చి వాయిదా పడింది. రెండోసారి ఖాళీ కడుపుతో రమ్మన్నారు. కత్తి కిందికి ఉత్త కడుపుతో పోవడమేమిటని రుక్మాబాయి పొద్దున్నే ఇంత జొన్న గటక తినిపించింది. మత్తులో ఆ గటక పైకి తన్నింది, ఊపిరితిత్తుల్లోకి దిగింది. డాక్టర్లు గంటసేపు పెనుగులాడారు, ప్రాణం నిలవలేదు.

“తిన్నడా అని ఒక్కలన్న అడిగిండ్రా?” అని ఆమె ఆ రోజు దవాఖాన వరండాలో నిలదీసింది.

దేవరాజ్ చుట్టాల గుంపు వైపు చూశాడు. ఓ మూలన సుందర్ భార్య కృపారాణి, చంకలో ఏడు నెలల పాపతో గోడకు అతుక్కుపోయి ఉంది.

“అడగలేదు. తప్పు నాదే,” అన్నాడు.

మళ్లీ ఎల్లారెడ్డి నుంచి ఆయనకు పిలుపు రాలేదు. అప్పటి నుంచి ప్రతి పేషెంటునూ ఏమైనా తిన్నారా అని మూడుసార్లు అడగడం అలవాటైంది. సారుకు చెవుడొచ్చిందని నర్సులు వెనకాల నవ్వుకుంటారు. నవ్వుకుంటే నవ్వుకోనీ అనుకుంటాడు.

రుక్మాబాయి ఎట్టకేలకు తలుపు వదిలింది. దేవరాజ్ స్ట్రెచర్ దగ్గరికొచ్చి, పాప ఏమైనా తిన్నదా అని అడిగాడు.

“గిప్పుడు నేర్చినవా అడుగుడు?” అంది రుక్మాబాయి. “రాత్రి నుంచి మంచినీళ్లు గూడ ముట్టలే. నేనే కాపలున్న.”

ఆయన పిల్ల తల్లి వైపు తిరిగాడు. కృపారాణి వచ్చినప్పటి నుంచీ తలెత్తలేదు.

“మీరు చెప్పండమ్మా. ఏమైనా తిన్నదా?”

“ఏం తినలే సార్.”

రెండోసారి అడిగాడు. లేదన్నట్టు తలూపింది కానీ, కొంగు చివరను వేలికి చుట్టడం మొదలుపెట్టింది. ఆయన మోకాళ్ల మీద కూర్చొని, ఆమె ముఖంలోకి చూస్తూ మెల్లగా మూడోసారి అడిగాడు.

“కడుపులో ఏదున్నా చెప్పమ్మా. ఎవ్వరూ కోప్పడరు. నాలుగు గంటలు ఆలస్యంగా చేస్తాం, అంతే.”

కృపారాణి భోరుమంది.

“బస్సుల ఆకలని ఏడ్చింది సార్. రెండు బిస్కెట్లిచ్చిన. అత్తమ్మకు కన్నంటుకుండె.”

రుక్మాబాయి కోడలి వైపు చూసి, అక్కడే గోడ పక్కన కూలబడింది. సతీశ్ చేతి నాడి చూసి, ఆగితే ఫరవాలేదన్నాడు. మధ్యాహ్నం దాకా ఆగారు. ఆ నాలుగు గంటలూ దేవరాజ్ భోజనానికి కూడా కదల్లేదు, గంటకోసారి వచ్చి పిల్ల వేళ్లు వెచ్చగా ఉన్నాయో లేదో తాకి చూసుకున్నాడు. ఆపరేషన్ నడిచినంతసేపూ పిల్ల తలాపునే ఉన్నాడు. మూడున్నరకు అనిల కళ్లు తెరిచి అమ్మ ఏదని అడిగింది.

దేవరాజ్ బయటికి రాగానే రుక్మాబాయి లేచి ఎదురొచ్చింది. ఆమె గొంతులో పొద్దుటి కోపం లేదు. ఉంటేనే బాగుండుననిపించింది ఆయనకు.

“పెట్టిన చెయ్యి నాదే సారూ. గా పాపం నన్ను ఇడిసిపెట్టదు. కని అడిగితె నా కోడలు చెప్పింది, సూసినవా? ఆ దినం గూడ గిట్లనే దాన్ని అడిగి ఉంటె, నా కొడుకు బతుకుతుండె.”

ఆమె వెనకాల కృపారాణి కొయ్యబారి నిలబడి, ఆయన పెదవుల వైపే చూస్తోంది. వార్డులోంచి అనిల మళ్లీ అమ్మా అని పిలిచింది.

“నిజమే అవ్వా,” అన్నాడు దేవరాజ్. “మీ కోడల్ని లోపలికి పోనివ్వండి. పిల్ల పిలుస్తోంది.”

ఆరేళ్ల కింద ఎల్లారెడ్డిలో ఆయన కృపారాణిని ఒక్కసారే అడిగాడు. అప్పుడూ ఆమె, ఏం తినలే సార్ అనే చెప్పింది.